మాటల పుట్టుక: ఎలుగుబంటి పేరులో తేనె

ప్రశ్న: మా అమ్మాయి రష్యాలో ఎం.బి.బి.ఎస్. చదువుతోంది. అక్కడ ఎలుగుబంటిని ‘మెద్వేద్’ అంటారట. ‘మెద్’ అంటే తేనె, ‘వేద్’ అంటే తెలియడం, కాబట్టి ‘తేనె జాడ తెలిసినది’ అని అర్థమని హాస్టల్‌లో స్నేహితురాళ్లు చెప్పారట. ఆ ‘వేద్’, మన ‘వేదం’ ఒకటేనా? మిగతా స్లావ్ భాషల్లోనూ ఇదే మాటా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో నేను సోవియట్ ఇంజనీర్ల దగ్గర ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశాను. నాకు బాగా నచ్చిన రష్యన్ మాటల్లో ఇదొకటి.

రష్యన్‌లో ‘వేదత్’ అంటే తెలియడం. అది ‘వేదం’లోని ‘విద్’ ధాతువుకు చుట్టమే. అంతవరకు మీ అమ్మాయి విన్నది నిజం. కానీ ఎలుగుబంటి పేరులో ఉన్నది ఆ ధాతువు కాదు. రష్యాలోనూ చాలామంది ఆ పేరును అలాగే విడదీస్తారు, ఎందుకంటే చెవికి అలాగే వినిపిస్తుంది. అసలు ముందున్నది ‘మెదు’, అంటే తేనె. వెనకున్నది ‘ఏద్’, అంటే తినడం. ఈ రెండూ కలిసి మెద్వేద్ అయింది. అంటే ‘తేనె తినేది’.

మరి మధ్యలో ‘వ’ ఎక్కడి నుంచి వచ్చింది? బడిలో చదివిన యణాదేశ సంధిని ఒకసారి గుర్తు చేసుకోండి. మను + అంతరం = మన్వంతరం. అణు + అస్త్రం = అణ్వస్త్రం. ఉకారం తర్వాత వేరే అచ్చు వస్తే ఉకారం పోయి ‘వ’ వస్తుంది. మెదు + ఏద్ = మెద్వేద్ అయిందీ సరిగ్గా అలాగే. సంస్కృతంలోనూ ఇదే కూర్పు ఉంది. మధు, అద్ (తినడం) కలిసి ‘మధ్వద్’. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తం 22వ మంత్రంలో ‘మధ్వదః సుపర్ణాః’ అని వస్తుంది. చెట్టు మీద వాలి తీపి తినే పక్షులన్నమాట. అక్కడ పక్షులకు చెప్పిన మాటే స్లావులకు ఎలుగు పేరయింది. దీన్ని బట్టి రష్యన్ సంస్కృతం నుంచి పుట్టిందనుకోకండి. రెండూ ఇంకా పాత భాష ఒకదాని నుంచి వేరువేరుగా దిగివచ్చాయి.

ఇక మీ రెండో ప్రశ్న. స్లోవీన్, సెర్బియన్ భాషల్లో మెద్వెద్, చెక్, క్రొయేషియన్‌లలో మెద్వ్యెద్. పోలిష్‌లో మొదటి మకారం నకారమై ‘న్యెజ్వ్యెచ్’ అయింది. ఉక్రెయిన్‌లోనైతే అక్షరాలే తారుమారయ్యాయి. అప్పట్లో ఒక ఆదివారం ఇంజనీర్ల కుటుంబాలను విశాఖ జూకి తీసుకెళ్లాం. ఎలుగు కనపడగానే మాస్కో ఆయన ‘మెద్వేద్’ అన్నారు, పక్కనే ఉన్న ఉక్రెయిన్ ఆయన ‘వెద్మీద్’ అన్నారు. పిల్లలు మాత్రం ‘మిష్కా, మిష్కా’ అని కేకలు. నేను మూడూ జేబు పుస్తకంలో రాసుకున్నాను. బల్గేరియాలో మామూలుగా ‘మెచ్కా’ అనే అంటారు.

ఇంత పెద్ద జంతువుకు సొంత పేరే లేక, తినే తిండిని బట్టి పేరు పెట్టడం ఏమిటని అనిపించవచ్చు. పాత పేరు ఉండేది. సంస్కృతంలో అది ‘ఋక్ష’ అయింది. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం కదా, ఆ ఋక్షమే. గ్రీకులో ‘ఆర్క్‌టోస్’, లాటిన్‌లో ‘ఉర్సుస్’. ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని ఆర్కిటిక్ అనడం కూడా ఈ గ్రీకు మాట వల్లే, ఆకాశంలో ఉత్తరాన కనపడే ఎలుగు నక్షత్రాలను బట్టి. స్లావ్ భాషలన్నిటిలోనూ ఆ పాత పేరు మాయమైంది. అడవిలో పేరు పలికితే అది వచ్చి మీద పడుతుందన్న భయంతో వేటగాళ్లు మారుపేరు వాడారని భాషావేత్తల అభిప్రాయం. ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యె 1906లోనే ఇలాంటి నిషిద్ధ పదాల మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు. నాకు ఈ వివరణ మీద నమ్మకం ఉంది. మన పల్లెల్లో పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. మశూచిని పేరుపెట్టి పిలవకుండా ‘అమ్మవారు పోసింది’ అన్నారు. ఆ భయం తెలిసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

రోజులు గడిచేకొద్దీ మెద్వేదే అసలు పేరైపోయింది. దాంతో రష్యన్లు దానికీ చాటు పేర్లు పెట్టారు. ‘ఖొజాయిన్’ అంటే యజమాని. ‘కొసొలాపి’ అంటే వంకర పాదాలది. కథల్లోనైతే పెద్దమనిషిని పిలిచినట్టు, తండ్రి పేరుతో కలిపి ‘మిఖాయిల్ పొతాపిచ్’ అంటారు. మిష్కా ఆ మిఖాయిల్‌కి ముద్దుపేరే. 1980 మాస్కో ఒలింపిక్స్ బొమ్మ మీషా కూడా అదే. 2008 నుంచి 2012 దాకా రష్యా అధ్యక్షుడిగా ఉన్న మెద్వెదెవ్ ఇంటిపేరులో ఉన్నదీ ఈ ఎలుగే.

ప్రశ్న: ఆకాశాన్ని రష్యన్‌లో ‘నేబొ’ అంటారని విన్నాను. మన నభమేనా, కాకతాళీయమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నభమేనండీ. పోలిష్‌లో ‘న్యెబొ’, చెక్‌లో ‘నెబె’, సెర్బియన్‌లో ‘నెబొ’. పైకి ఒకేలా వినిపించడం ఒక్కటే చాలదు, లోపలి వ్యాకరణం కూడా కలవాలి. ఇక్కడ కలుస్తోంది. సంస్కృతంలో ఈ మాట ‘నభస్’, తెలుగులోనూ ‘నభస్సు’ అని సకారంతో వాడతాం. రష్యన్ ఏకవచనంలో ఆ సకారం కనపడదు, బహువచనంలో మాత్రం బయటికి వస్తుంది: ‘నెబెసా’. చెక్‌లోనూ బహువచనం ‘నెబెసా’యే. అర్థం కొంచెం జరిగింది. పాత అర్థం మబ్బు, పొగమంచు. గ్రీకు ‘నెఫోస్’ ఇప్పటికీ మబ్బే. శ్రావణ మాసానికి వేదకాలపు పేరు నభస్సు, భాద్రపదానికి నభస్యం. రెండూ వానాకాలపు నెలలే.