నాన్న కట్టే వడ్డీకి నా పౌండ్లు పంపనా?

ప్రశ్న: అక్కా, మాది కాకినాడ. 2025 సెప్టెంబరులో ఏడాది ఎమ్మెస్సీకి వేల్స్‌లోని స్వాన్సీ వచ్చాను. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ 24 లక్షలు, వడ్డీ 10.5 శాతం, డబ్బంతా రిలీజ్ అయిపోయింది. నెలకి 21 వేల వడ్డీ నాన్న కడుతున్నారు, బాగా ఇబ్బంది పడుతున్నారు. నా చేతిలో 2,900 పౌండ్లు ఉన్నాయి. బీచ్ దగ్గర కేఫ్‌లో వారానికి 12 గంటలు పనిచేసేదాన్ని, నవంబరు రాగానే 6 గంటలకి తగ్గించేశారు. అద్దె 480 పౌండ్లు. మా ఇంట్లోనే ఉండే ఒక అన్నకి చదువు అయిపోయింది, తన ఫుడ్ డెలివరీ అకౌంట్ నన్ను వాడుకోమని, వారానికి కొంత ఇమ్మని అంటున్నాడు. ఒప్పుకుని నాన్నకి నెలనెలా పంపనా? గదిలో హీటర్ వేయాలన్నా భయంగా ఉంది.

జవాబు (2025 చివర్లో ఉన్న రేట్లు, రూల్స్ ప్రకారం): అక్కా అన్నావు కాబట్టి నువ్వనే మాట్లాడతాను. ముందు ఆ అకౌంట్ సంగతి ఇవాళే వద్దని చెప్పేయమ్మా, మిగతావన్నీ తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు, డెలివరీ యాప్‌ల పని చాలావరకు ఆ లెక్కలోకే వస్తుంది, పైగా ఇంకొకరి పేరుతో చేయడం అంటే తప్పు మీద తప్పు. పట్టుబడితే పోయేది ఆ వారం సంపాదన కాదు, వీసా. 24 లక్షల అప్పు మాత్రం అలాగే ఉంటుంది, డిగ్రీ ఉండదు. ఆ అన్న మంచివాడే కావచ్చు, నీకు సాయం చేద్దామనే అని ఉండొచ్చు, అయినా వద్దు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. పంపొద్దు. నాన్న కష్టం చూస్తూ చేతిలో డబ్బు పెట్టుకుని కూర్చోవడం ఎంత బాధో నాకు తెలుసు, ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ ఆ 2,900 మిగులు డబ్బు కాదు, అది ఎందుకు ఉండాలో చెబుతాను.

నీ కోర్సు 2026 సెప్టెంబరులో అయిపోతుంది కదా. ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవాలంటే గ్రాడ్యుయేట్ వీసా కావాలి. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి దాన్ని రెండేళ్ళ నుంచి 18 నెలలకి తగ్గిస్తున్నారు. అంటే నీ రిజల్ట్ వచ్చి, యూనివర్సిటీ ఆ సంగతి వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్‌కి తెలియజేశాక, 2026 డిసెంబరు 31 లోపే అప్లై చేస్తే నీకు ఆరు నెలలు ఎక్కువ వస్తాయి. దానికి హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే డబ్బు, ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్ళకి 2,070 పౌండ్లు, వీసా ఫీజు వేరే, అంతా కలిపి దాదాపు 3,000 ఒకేసారి కట్టాలి, వాయిదాలు ఉండవు. ఆ రోజు డబ్బు లేక స్నేహితుల దగ్గర చేబదుళ్ళకి తిరిగే పిల్లలు ప్రతి ఏడాదీ నాకు ఫోన్ చేస్తుంటారు.

లెక్క వేద్దాం. అద్దె 480, కిరాణా 120, గ్యాసు, కరెంటు 60, బస్సు, ఫోను 50. మొత్తం 710. గంటకి 12.21 పౌండ్ల చొప్పున వారానికి 6 గంటలంటే నెలకి 317 వస్తుంది, అంటే దాదాపు 390 లోటు. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలల్లో 1,560 పోయి 1,340 మిగులుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళ తీరే అంత, చలికాలంలో కేఫ్‌లు ఖాళీగా ఉంటాయి, ఈస్టర్ నుంచి స్వాన్సీ పక్కనే ఉన్న మంబుల్స్ తీరం వైపు జనం వస్తారు, మళ్ళీ పని దొరుకుతుంది. 2026 ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.71 అవుతోంది, వారానికి 18 గంటలు దొరికితే నెలకి 990 వస్తుంది, ఖర్చులు పోను 280 మిగులు. సెప్టెంబరుకి నీ దగ్గర 3,000 ఉంటాయి. చూశావా, ఎంత కొసన నడుస్తోందో? ఇందులోంచి నెలకి 21 వేలు, అంటే దాదాపు 180 పౌండ్లు కాకినాడ పంపితే మార్చి చివరికి 600 దగ్గరే మిగులుతుంది, సెప్టెంబరుకి 1,200 దాటదు, వీసాకి చాలదు.

క్రిస్మస్ సెలవుల్లో మాత్రం గంటల పరిమితి ఉండదు, యూనివర్సిటీ ఇచ్చిన టర్మ్ తేదీలు చూసుకుని షాపుల్లో ఎక్కువ గంటలు దొరికితే చెయ్యి. వేసవి అలా కాదు. క్లాసులు లేవు కదా అని చాలామంది ఫుల్‌టైమ్ చేసేస్తారు, కానీ ఎమ్మెస్సీ వాళ్ళకి డిసర్టేషన్ రాసే నెలలు కూడా టర్మ్ కిందికే వస్తాయి, సోమవారం నుంచి ఆదివారం దాకా అన్ని పనులూ కలిపి 20 గంటలే. పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ కూడా చూడు, 1257ఎల్ గానీ, ముందు వేల్స్ గుర్తు సీ చేర్చి సీ1257ఎల్ అని గానీ ఉండాలి. బీఆర్ అనో సీబీఆర్ అనో ఉంటే మొత్తం జీతం మీద 20 శాతం కోసేస్తున్నట్టు, మేనేజర్‌కి చెప్పి, ట్యాక్స్ శాఖ హెచ్ఎంఆర్సీ ద్వారా సరిచేయించుకో.

మరి నాన్న సంగతేంటి? శాంక్షన్ లెటర్‌లో మారటోరియం, అంటే ఈఎంఐలు మొదలయ్యేదాకా ఇచ్చే గడువు, దాని షరతు చదవమను. చదువుతున్నంతకాలం వడ్డీ కట్టడం తప్పనిసరా, ఇష్టమైతేనా? చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో తప్పనిసరి కాదు, కడితే కొన్నిచోట్ల వడ్డీరేటులో కొంచెం తగ్గిస్తారు, అంతే. అసలు ఒక్క రూపాయీ కట్టలేదనుకో, ఆ గడువు 18 నెలలైతే 3,78,000 అసలులో కలుస్తుంది, పదేళ్ళ ఈఎంఐ 32,400 బదులు 37,500 అవుతుంది. అది చిన్న భారం కాదు, అయినా మోయగలిగిందే. 21 వేలకి బదులు తన వల్ల అయినంత, ఎనిమిదో పదో కట్టమను. దీనికోసం బయట మూడు రూపాయల వడ్డీకి అప్పు మాత్రం తేవొద్దని గట్టిగా చెప్పు, పదిన్నర శాతం అప్పు కోసం 36 శాతం అప్పు చేయడం అవుతుంది. లోన్ ఆయన పేరు మీద కూడా ఉండి, పాత ట్యాక్స్ విధానంలోనే ఉంటే కట్టిన వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, అది అడిగి తీసుకోమను.

ఇక హీటర్. నువ్వు ప్రతిదీ రూపాయల్లోకి మార్చుకుని భయపడుతున్నావు, ఈ ఒక్క విషయంలో పౌండ్లలోనే ఆలోచించు. గదిలో ప్లగ్ పెట్టుకునే 2 కిలోవాట్ల హీటర్ గంటకి రెండు యూనిట్లు తాగుతుంది, యూనిట్ 26 పెన్నీలు, అంటే రోజుకి నాలుగు గంటలకి 2 పౌండ్లు పైనే. గ్యాస్ యూనిట్ 6 పెన్నీల దగ్గర ఉంటుంది. ఇంట్లో ఉండేవాళ్ళంతా కూర్చుని పొద్దున గంట, రాత్రి రెండు గంటలు ఇంటి రేడియేటర్లు వేయాలని మాట్లాడుకోండి, అందరికీ చవక. అసలు వేయకుండా మాత్రం ఉండొద్దు. కాకినాడలో ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం చూసి పెరిగినదానివి, అక్కడ తేమ ఇంకో రకంగా చేస్తుంది. పొద్దున లేచేసరికి కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటాయి, బట్టలు గదిలోనే ఆరేస్తే నెల తిరిగేలోపు మంచం వెనక గోడ మూలన నల్లగా చుక్కలు వస్తాయి. పాత గుడ్డతో అద్దం తుడువు, వంటచేసేటప్పుడు పది నిమిషాలు కిటికీ తెరువు, బూజు కనిపిస్తే ఫొటో తీసి ఇంటి ఓనరుకి మెయిల్ పెట్టు. రేపు డిపాజిట్ కోసేటప్పుడు ఆ మెయిలే నిన్ను కాపాడుతుంది.

హెల్త్ సర్‌చార్జి ముందే కట్టి వచ్చావు కాబట్టి జీపీ, అంటే దగ్గర్లోని ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు రాయించుకో, వేల్స్‌లో డాక్టర్ రాసిన మందులకి డబ్బు తీసుకోరు. ఆ అన్న ఇప్పుడు విద్యార్థి కాదు కాబట్టి ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) బిల్లు రావచ్చు. నువ్వు ఫుల్‌టైమ్ స్టూడెంట్‌వని యూనివర్సిటీ నుంచి లెటర్ తీసుకుని పెట్టుకో, ఆ బిల్లులో వాటా ఇమ్మంటే చూపించు.

ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేసినప్పుడు పైన వేసిన లెక్క కాగితం మీద రాసి చూపించు, డబ్బు ఎందుకు పంపడం లేదో ఆయనకి అర్థమవుతుంది. శాంక్షన్ లెటర్ ఫొటో తీసి పంపమను, షరతు అర్థం కాకపోతే పేర్లు, అకౌంట్ నంబర్లు చెరిపేసి నాకు పంపు, చదివి చెబుతాను.