ఫ్రోజెన్ షీట్లతో చేసిన ఎగ్ పఫ్ అడుగున పచ్చిగా ఎందుకుంటుంది?

అడిగిన ప్రశ్న ఇది: అమెరికాలో ఉంటున్నాం, స్టోర్లో కొన్న పఫ్ పేస్ట్రీ షీట్లతో పొద్దున టిఫిన్‌కి ఎగ్ పఫ్ చేస్తే పైన ఎర్రగా కాలుతోంది, అడుగు మాత్రం పచ్చిపిండే. షీటు బ్రాండ్ మార్చాలా?

బ్రాండ్ మార్చక్కర్లేదు. కూర మార్చండి. కొన్న షీటుతో చేసిన పఫ్ పాడైతే పదింట తొమ్మిదిసార్లు కారణం లోపలి ఉల్లిపాయ కూరే అని నా గట్టి నమ్మకం. తడి కూర ఒక తప్పు, వేడి కూర ఇంకో తప్పు. రెండూ కలిస్తే ఏ షీటూ లేవదు.

షీటులో పిండి పొర, కొవ్వు పొర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరై పై పొరను ఎత్తుతుంది, మధ్యలోని కొవ్వు పొరల్ని అంటుకోనివ్వదు. అలా విడివిడిగా లేచి, ఎండి, కరకరలాడతాయి. వేడి కూర పెడితే ఆ కొవ్వు అవెన్ దాకా రాకముందే కరిగి పిండిలో ఇంకిపోతుంది, పొరలన్నీ ఒకే ముద్ద అవుతాయి. తడి కూర పెడితే ఇంకో ఇబ్బంది. ఆ నీరంతా పోయేదాకా అడుగు పిండి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, పిండి ఎర్రబడాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే పైభాగం మాడే టైముకి కూడా అడుగు ఉడుకుతూనే ఉంటుంది, కాలదు.

అమెరికాలో అందరికీ దొరికేది పెపరిడ్జ్ ఫార్మ్ షీట్లు. 490 గ్రాముల డబ్బాలో రెండు షీట్లు, ఒక్కోటి మూడు మడతల్లో ఉంటుంది, విప్పితే సుమారు పది అంగుళాల చదరం. మామూలు డబ్బాలో ఉండేది వెన్న కాదు, వెజిటబుల్ నూనెలు. ఈ పనికి అదేమీ లోటు కాదు. వెన్న షీటుకి వాసన, రుచి ఎక్కువే గానీ అది తొందరగా మెత్తబడుతుంది, కొత్తగా చేసేవాళ్ల చేతిలో నిలవదు. మన ఊళ్ల బేకరీల్లో పఫ్ అంత ఎత్తుగా లేవడానికి కారణం కూడా ఎక్కువ వేడికి గానీ కరగని మార్జరిన్, వనస్పతి రకం కొవ్వులే. నాలుక మీద జిడ్డుగా మిగిలేదీ అదే.

ఇక కూర. ఎనిమిది పఫ్‌లకి నాలుగు గుడ్లు, అరకిలో ఉల్లిపాయలు. ఉల్లిపాయలు ఎక్కువేమో అనిపిస్తుంది, మగ్గాక కప్పుడు కూడా ఉండవు. రెండు టేబుల్ స్పూన్ల నూనెలో కరివేపాకు, రెండు పచ్చిమిర్చి, సన్నగా నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి, మూత పెట్టకుండా, మధ్యస్థం మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేయించండి. వీడియోల్లో మూడు నిమిషాలకే "ఉల్లిపాయ మగ్గింది" అని తరవాతి పనికి వెళ్లిపోతారు. అది మగ్గడం కాదు, నీరు వదలడం మొదలవడం! మిగతా నీళ్లన్నీ అవెన్లో, మీ షీటు మీదే వదులుతుంది. అంచులు బంగారు రంగుకి వచ్చాక టీస్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, పావు టీస్పూను పసుపు, టీస్పూను కారం, అర టీస్పూను ధనియాల పొడి, ఒక చిన్న టమాటా వెయ్యండి. టమాటా గుజ్జై, నూనె పైకి తేలాక అర టీస్పూను గరం మసాలా చల్లి దించండి.

సరిపోయిందో లేదో ఇలా చూడండి: బాణలి మధ్యలో గరిటెతో గీత గీస్తే ఆ సందులోకి నీరు జారకూడదు. జారితే ఇంకో మూడు నిమిషాలు. కూర గుత్తివంకాయలో కూరే కారంలా ముద్దకట్టేంత గట్టిగా ఉండాలి. అప్పటికీ చెమ్మ అనిపిస్తే పుట్నాల పప్పు పొడి ఒక టేబుల్ స్పూను కలపండి, తడి పీల్చేస్తుంది, రుచి మారదు. కార్న్‌ఫ్లోర్ వద్దు, బంకగా తయారవుతుంది. తరవాత కూరని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి, వీలైతే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా పనికిరాదు.

గుడ్లు తొమ్మిది పది నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో వేసి, పెంకు తీసి, నిలువుగా సగానికి కోసి, ముక్కల్ని పొడి గుడ్డతో అద్దండి. ఈ అద్దడం చాలామంది వదిలేస్తారు. గుడ్డు మీది నీటి పొర చిన్నదే గానీ పోయి చేరేది షీటు మధ్యకే.

షీటుని ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది ఫ్రిజ్‌లోకి మార్చడం అన్నిటికంటే మంచిది. బయట పెడితే నలభై నిమిషాలని డబ్బా మీద ఉంటుంది, అది చల్లటి ఇళ్లకి. హైదరాబాద్ ఎండాకాలంలోనో విజయవాడలోనో అయితే పదిహేను నిమిషాలకే ఒకసారి తాకి చూడండి. మడత విప్పుతుంటే విరుగుతోందంటే ఇంకా గడ్డగా ఉందని, వేలికి అంటుతోందంటే మెత్తబడిపోయిందని. విరిగితే తడివేలితో కలిపి నొక్కండి. అంటుతుంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లోకి పంపండి, పైన మైదా చల్లి నెట్టుకురావద్దు. మైక్రోవేవ్‌లో డీఫ్రాస్ట్ అసలు చెయ్యకండి. అంచులు కరిగిపోతాయి, మధ్య గడ్డగానే ఉంటుంది.

ఒక షీటుని నాలుగు చదరాలుగా కొయ్యాలి. పదునైన కత్తిని పైనుంచి నిట్టనిలువుగా నొక్కండి, ముందుకీ వెనక్కీ లాగొద్దు. లాగితే అంచు దగ్గర పొరలు ఒకదానికొకటి అతుక్కుని అక్కడే ఆగిపోతాయి. పిజ్జా కట్టర్ ఉంటే ఇంకా హాయి. చదరం మధ్యలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కూర, దాని మీద గుడ్డు ముక్క, పచ్చసొన కిందికి ఉండేలా బోర్లించండి. సొన ఎండిపోదు, పఫ్‌కి గుండ్రటి పొట్ట వస్తుంది. ఎదురెదురు రెండు మూలల్ని పైకి తెచ్చి, అంగుళం మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా, మధ్యలో నీళ్ల తడి చేసి నొక్కండి. రెండు పక్కలా తెరుచుకునే ఉండటం మంచిదే, ఆవిరి పోతుంది. పూర్తిగా మూసే ఆకారం చేస్తే పైన కత్తిమొనతో రెండు గాట్లు తప్పనిసరి.

ఒక గుడ్డు, టేబుల్ స్పూను పాలు గిలకొట్టి బ్రష్‌తో పైన మాత్రం పలచగా రాయండి. కోసిన అంచుల మీదికి కారితే అది జిగురై పొరల్ని పట్టేస్తుంది. గుడ్డు తినని ఇంట్లో బంగాళాదుంప కూరతో చేసుకుంటే పైన పాలు రాస్తే చాలు, రంగు కొంచెం తగ్గుతుంది. రాశాక, పార్చ్‌మెంట్ కాగితం పరిచిన ట్రేతో సహా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంత చల్లదనం దేనికని కొందరు కొట్టిపారేస్తారు గానీ, పఫ్ ఎంత చల్లగా ఉండి అవెన్ ఎంత వేడిగా ఉంటే అంత ఎత్తు లేస్తుంది.

అవెన్ 400 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 200 సెల్సియస్. కనీసం ఇరవై నిమిషాలు ముందే వేడెక్కాలి. బీప్ కొట్టగానే లోపల అంతా వేడెక్కిందని కాదు. మీ అడుగు పచ్చిదనానికి కూర తరవాత రెండో అనుమానితుడు ట్రే. రెండు పొరల ఇన్సులేటెడ్ ట్రేలు, సిలికాన్ మ్యాట్లు అడుక్కి వేడి చేరనివ్వవు. ఇంకో ముదురు రంగు బరువైన ట్రేని ఖాళీగా అవెన్లోనే వేడి చేసి, పార్చ్‌మెంట్ కాగితంతో సహా పఫ్‌లని దాని మీదికి జరపండి. మధ్య అరకి ఒక మెట్టు కింద పెట్టండి.

ఇక ఆ తరవాతి అరగంటలో అవెన్ అద్దం ముందు నిలబడి చూస్తే అన్నీ అర్థమవుతాయి. మొదటి అయిదారు నిమిషాల్లో ఏమీ జరగదు, పఫ్ పైభాగం నిగనిగలాడుతుంది, అంతే. ఎనిమిదో నిమిషానికి కోసిన అంచులు విచ్చుకోవడం మొదలై గీతలు గీతలుగా పొరలు కనిపిస్తాయి. పన్నెండో నిమిషానికి ఎత్తు దాదాపు వచ్చేస్తుంది, కొవ్వు అంచుల దగ్గర బుడగలు కడుతుంది. అంచు నుంచి కొవ్వు ట్రే మీదికి ధారగా కారుతోందంటే మాత్రం షీటు వెచ్చగా లోపలికెళ్లిందని లెక్క, ఇక చేసేదేమీ లేదు. పదిహేను నిమిషాలదాకా తలుపు తియ్యొద్దు. అప్పటికి గోడలు ఇంకా గట్టిపడవు, వేడి పడిపోతే పొరలు కుంగుతాయి. ఇరవయ్యో నిమిషానికి పైన మంచి రంగు వస్తుంది, చాలామంది ఇక్కడే తీసేస్తారు. తియ్యకండి. 350 ఫారన్‌హీట్‌కి తగ్గించి ఇంకో ఆరేడు నిమిషాలు ఉంచండి. లోపలి తడి ఆరేది ఈ నిమిషాల్లోనే. పైభాగం నల్లబడుతుందేమోనని భయముంటే రేకు కాగితం వదులుగా కప్పండి. చివర్లో ఒక పఫ్‌ని అట్లకాడతో ఎత్తి అడుగు చూడండి. ముదురు గోధుమరంగు ఉండి, గోటితో తడితే టకటకమనాలి. తీశాక ట్రే మీదే వదిలెయ్యకుండా జాలీ మీదికి మార్చండి, లేకపోతే సొంత ఆవిరికే అడుగు మెత్తబడుతుంది.

ఇండియాలో ఓటీజీ (చిన్న కరెంటు అవెన్) వాడేవాళ్లు రెండు రాడ్లూ వేసి, కింది అరలో పెట్టండి. పై రాడ్ దగ్గరైతే పది నిమిషాలకే రంగు వచ్చి మోసం చేస్తుంది. ఎయిర్ ఫ్రయర్లో 180 సెల్సియస్ మీద పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు, చివరి మూడు నిమిషాలు బోర్లించి. పైమడత గట్టిగా అతికించకపోతే ఫ్యాన్ గాలికి విడిపోతుంది.

పొద్దున్నే ఇదంతా ఎవరు చేస్తారంటారా? ఎవరూ చెయ్యక్కర్లేదు. ఎగ్ పఫ్ అయితే రాత్రే మడిచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున గుడ్డు సొన రాసి కాల్చుకోండి. దీన్ని ఫ్రీజర్లో మాత్రం పెట్టొద్దు, ఉడికిన తెల్లసొన గడ్డకట్టి కరిగితే రబ్బరై నీరు వదులుతుంది. ఫ్రీజర్‌కి తగినవి బంగాళాదుంప బఠాణీ, చికెన్, నీరంతా ఇగిరిన ఖీమా. మడిచిన పఫ్‌లని ఎడంగా ట్రేలో రెండు గంటలు గడ్డకట్టించి సంచిలో వేసుకుంటే నెలరోజులు ఉంటాయి. కరగనివ్వకుండా నేరుగా 375 ఫారన్‌హీట్ మీద అరగంట కాల్చండి.

మిగిలినవి వేడి చెయ్యాలంటే అవెన్లోనే, 325 ఫారన్‌హీట్ మీద ఆరేడు నిమిషాలు. ఎన్నో బేకరీల్లో అడగ్గానే పఫ్ తీసి మైక్రోవేవ్‌లో పెట్టి ఇస్తారు, అంత కష్టపడి లేపిన పొరలు ముప్పై సెకన్లలో సాగుడు ముద్దవుతాయి. డబ్బు తీసుకుని అలా ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. అంచుల దగ్గర కోసిన షీటు ముక్కలుంటే ఉండ చుట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కి, వాము, కారం చల్లి, పొడుగ్గా కోసి, అదే ట్రేలో ఓ పక్కన పెట్టెయ్యండి. పదిహేను నిమిషాలకి టీలోకి కారప్పుల్లలు తయారవుతాయి.