లయ ఎందుకు జారుతోంది?

ప్రశ్న: నేను వయొలిన్, మిత్రుడు తబలా. వేర్వేరు ఊళ్ల నుంచి జామ్యులస్‌లో (ఇంటర్నెట్ మీద సర్వర్ ద్వారా కలిసి వాయించే సాఫ్ట్‌వేర్) వాయిస్తుంటే లయ రానురాను నెమ్మదిస్తోంది. వైఫై వేగం బాగానే ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: వేగం కాదు, ధ్వని చేరడంలో ఆలస్యం చూడండి. మొత్తం ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటేకొద్దీ ఒకరి కోసం ఒకరు ఆగుతూ లయను లాగేస్తారు. ముందు వైఫై మాని రౌటర్‌కు ఈథర్నెట్ కేబుల్ పెట్టండి. వైఫైలో ధ్వనిని మోసే డేటా ప్యాకెట్లు సమానంగా రావు. దాన్ని సర్దడానికి జిట్టర్ బఫర్ (ప్యాకెట్లను కాసేపు ఆపి ఉంచే నిల్వ) పెంచాల్సి వస్తుంది, దాంతో ఆలస్యమూ పెరుగుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు సొంతంగా ఆలస్యం కలుపుతాయి, వాటిని వాడుతుంటే ఈ శ్రమంతా దండగ, అవి పక్కన పెట్టేయండి. విండోస్ అయితే ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరం) వచ్చిన, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ వేసి, దాని ఆడియో బఫర్ 128 శాంపిళ్లు పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.7 మిల్లీసెకన్లే. చిటపటలొస్తే 256.

అసలు పొరపాటు తరచూ డైరెక్ట్ మానిటర్ (మీ ధ్వనిని సర్వర్‌కు వెళ్లకుండానే నేరుగా మీకు వినిపించే సదుపాయం) దగ్గరుంటుంది. దాన్ని ఆపేసి, సర్వర్ నుంచి తిరిగొచ్చే మీ ధ్వనినే వింటూ వాయించండి. మొదట్లో కమాను వెనకబడినట్టే ఉంటుంది, అలవాటవుతుంది.