నల్లజాతి కమెడియన్ ఎవరికోసం జోకు చెబుతున్నాడో ఎలా పసిగట్టాలి?

ప్రశ్న: నల్లజాతి కమెడియన్ డేవ్ చాపెల్ 2005లో తన టీవీ షోకి కుదిరిన కోట్ల డాలర్ల కాంట్రాక్టు వదిలేసి ఎందుకు వెళ్ళిపోయాడు? అమెరికా నల్లజాతి కామెడీలో ఒకరిది “అసలైనది”, ఇంకొకరిది “తెల్లవాళ్ళకోసం చేసినది” అంటుంటారు. చూసేవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు:

కమెడియన్ రంగులోనో యాసలోనో వెతికితే ఆ తేడా దొరకదు. జోకు అబద్ధమైతే “కాదు, మేమలా ఉండం” అని అడ్డం చెప్పగలిగినవాళ్ళు ఎదురుగా కూర్చున్నారా అన్నది చూడాలి. వాళ్ళున్నప్పుడు ఆ మాట ఇంట్లో జరిగే పోట్లాట. వాళ్ళు లేనిచోట అదే మాట, ఒక్క అక్షరం మారకపోయినా, వెక్కిరింత అయిపోతుంది.

“అసలైన” అన్న ముద్రకి గిరాకీ పెట్టింది మొదట్లో తెల్ల ప్రేక్షకులే. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్ల నటులు కాల్చిన బెండు మసి ముఖానికి పూసుకుని నల్లవాళ్ళ వేషం కట్టి నవ్వించేవాళ్ళు. ఆ బజారులో చోటు దొరకాలంటే నల్లజాతి నటులు కూడా ఆ సరుకే అమ్మాలి. అందుకే 1890ల్లో బెర్ట్ విలియమ్స్, జార్జ్ వాకర్ జంట తమని “టూ రియల్ కూన్స్” అని ప్రకటించుకుంది. “కూన్” అనేది నల్లవాళ్ళని తిట్టే మాట. విలియమ్స్ పుట్టింది బహామాస్‌లో, ఒంటి రంగు చామనఛాయకన్నా తెలుపు. అయినా ముఖానికి మసి పూసుకున్నాడు, అమెరికా దక్షిణాది నల్లవాళ్ళ యాసని పరాయి భాషలా నేర్చుకున్నాడు. అసలైనదని అమ్ముడుపోయింది అదే. ఈ చరిత్ర తెలియకుండా ఎవరినైనా “వీడు అసలైనవాడు” అని మెచ్చుకుంటే, ఆ పాత కొలబద్దతోనే కొలుస్తున్నామని మనకి తెలియదు.

నల్లజాతి నటులు ఉంటే చాలు అనుకోవడమూ పొరపాటే. 1928లో మొదలైన “ఏమస్ ఎన్ యాండీ” రేడియోలో ఇద్దరు తెల్లవాళ్ళు నల్లవాళ్ళ గొంతులు పెట్టారు. 1951లో టీవీకి వచ్చినప్పుడు ఆ పాత్రల్లో నల్లజాతి నటులే నటించారు. అయినా నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ గట్టిగా ఎదిరించింది. మనుషులు మారారు గానీ చూపు మారలేదు.

ఇక చాపెల్. అతని టీవీ షో 2003లో మొదలైంది, మూడో సీజన్ మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్ళిపోయాడు. తర్వాత 2006లో ఓప్రా విన్‌ఫ్రే షోలో అతను చెప్పిన కారణం ఒక స్కెచ్, అంటే తన షోకోసం తీసిన చిన్న హాస్య నాటిక. విమానంలో ఒక నల్లజాతి ప్రయాణికుడిని చికెన్ కావాలా చేప కావాలా అని అడుగుతారు. వేయించిన కోడి పేరుతో నల్లవాళ్ళని ఎగతాళి చేయడం అమెరికాలో చాలా పాత అలవాటు. ప్రయాణికుడు తటపటాయిస్తాడు. ఈలోగా ముఖానికి మసి పూసుకున్న బుల్లి మరుగుజ్జు ఒకడు ప్రత్యక్షమై చికెన్ తినమని గంతులేస్తాడు. రెండు పాత్రలూ చాపెలే వేశాడు. షూటింగ్‌లో అక్కడున్న ఒక తెల్లవ్యక్తి నవ్విన తీరు చూసి, ఇది నాతో కలిసి నవ్వడం కాదు, నన్ను చూసి నవ్వడం అని అతనికి అనిపించింది.

ఆ స్కెచ్ ఎక్కడ తెగిందో చూడండి. జోకంతా ఆ తటపటాయింపులో ఉంది. ఆకలేసిన మనిషి తనకిష్టమైన తిండి అడగడానికి కూడా పక్కవాళ్ళ చూపుకి జడవాల్సిన దుస్థితి అది. ఆ బాధ పడ్డవాడు దానికి నవ్వుతాడు. పడనివాడికి కనిపించేది మసి ముఖం, గంతులు. బొమ్మ బరువు ముందు ఆలోచన తేలిపోయింది. చుట్టూ ఉన్న సందర్భం తీసేసి ఆ గంతులొక్కటే చూపిస్తే, అది నూరేళ్ళ కిందటి మసివేషం.

అదే షో మొదటి ఎపిసోడ్‌లోని క్లేటన్ బిగ్స్‌బీ స్కెచ్‌కి ఈ ప్రమాదం తక్కువ. పుట్టు గుడ్డివాడైన నల్లవాడు, తాను తెల్లవాడిననుకుంటూ పెరిగి, తెల్లజాతి దురహంకారుల నాయకుడవుతాడు. చివరికి తాను నల్లవాడినని తెలిశాక భార్యకి విడాకులిస్తాడు, నల్లవాడిని పెళ్ళాడిందన్న కారణంతో. జాతిద్వేషంలోని మూర్ఖత్వమే ఇక్కడ కథ. దాన్ని వదిలేసి నవ్వుకోవడానికి అందులో మిగిలేది తక్కువ. నా లెక్కలో మంచి రాత అంటే ఇది.

మీరు స్వయంగా పరీక్షించాలంటే, ఏదైనా స్పెషల్‌ని, అంటే రికార్డు చేసిన స్టాండప్ ప్రదర్శనని, ఒకసారి చూడకుండా వినండి. నవ్వు ఎక్కడ మొదలవుతుందో పట్టుకోండి. ఇంటి వివరం ఒకటి రాగానే, పంచ్ ఇంకా పడకముందే, చప్పట్లూ “అవునవును” అన్న కేకలూ వస్తే అది గుర్తుపట్టిన నవ్వు. నల్లజాతి చర్చిల్లో పాస్టరు మాటకి జనం బదులు పలికే అలవాటు ఇందులో వినిపిస్తుంది. మాట అర్థం పూర్తికాకుండానే కేవలం గొంతు మారినందుకు, యాస పెట్టినందుకు నవ్వు పేలితే అది వేషానికి వచ్చిన నవ్వు. రెండోది ఎక్కువగా ఉంటే జాగ్రత్తపడాలి. తర్వాత, అతను దేన్ని విడమరిచి చెబుతున్నాడో గమనించండి. రిచర్డ్ ప్రయర్ 1975 రికార్డులో మడ్‌బోన్ అనే మిసిసిపీ ముసలాయన కబుర్లు ఎక్కడా ఆగి బయటివాళ్ళకి వివరించవు. “మనం” అంటే ఎవరు, “మీరు” అంటే ఎవరు అన్నదీ చెవినపెట్టండి. ప్రేక్షకుల ముఖాలు చూపించే షాట్లని మాత్రం నమ్మకండి. స్పెషల్స్‌ని చాలాసార్లు రెండు షోలు రికార్డు చేసి కలిపి కూరుస్తారు. మీరు చూస్తున్న నవ్వు ఆ జోకుదే అన్న హామీ లేదు.

అదే ప్రయర్, తెల్లవాళ్ళ మెప్పుకోసం చేస్తున్న కామెడీమీద విసుగు పుట్టి, 1967లో లాస్ వేగాస్‌లో షో మధ్యలో స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో క్లబ్బులో రికార్డు చేసిన ఆల్బమ్‌తో గ్రామీ అందుకున్నాడు. తనవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు, మిగతా దేశం చెవి ఒగ్గి వింది.

అలా చెవి ఒగ్గినవాళ్ళు ఆ మాటని తిరిగి పలికితేనే చిక్కు. నల్లజాతి కమెడియన్ క్రిస్ రాక్ 1996 స్పెషల్ చిత్రీకరించింది వాషింగ్టన్ డీసీలో, అప్పటికి నల్లవాళ్ళు మెజారిటీగా ఉన్న నగరంలో. నల్లవాళ్ళని తిట్టే మాటనే వాడుతూ, వాళ్ళలోనే రెండు రకాల మనుషుల్ని వేరుచేసి కడిగేసే బిట్ (జోకుల వరుస) అందులో ఉంది. ఆ హాల్లో అది ఇంటిలెక్కలు తేల్చుకోవడం. తెల్లవాళ్ళు ఆఫీసుల్లో దాన్ని వల్లించడం మొదలయ్యాక, ఆ తిట్టు వాడేందుకు కొందరు దాన్ని లైసెన్సులా తీసుకున్నారని రాక్ ఆ బిట్ మానేశాడు. తిట్టుమాటని తమ నోట అనేందుకు సాకుగా వాడుకోగలిగిన బిట్‌కి ఈ గతి పట్టడం ఖాయం.

అలాగని తెల్లవాళ్ళముందు చెబితే నకిలీ అనడం అన్యాయం. నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీ 1961 జనవరిలో షికాగో ప్లేబాయ్ క్లబ్‌లో నిలబడ్డప్పుడు ఎదురుగా ఉన్నది దక్షిణాది నుంచి వచ్చిన తెల్ల వ్యాపారులు. అతని పద్ధతి స్పష్టం: ముందు తనమీద ఒక జోకు, తర్వాత వాళ్ళమీద. యాస లేదు, కోణంగి వేషం లేదు, ఆనాటి వార్తలే సరుకు. బెర్నీ మ్యాక్ ఇంకో దారి తొక్కాడు. తోబుట్టువు పిల్లల్ని పెంచే కష్టాలని 2000లో వచ్చిన “ది ఒరిజినల్ కింగ్స్ ఆఫ్ కామెడీ” చిత్రంలో షార్లెట్ నగరపు నల్లజాతి జనానికి చెప్పాడు. మరుసటి ఏడు ఫాక్స్ చానల్లో అదే కథని కుర్చీలో కూర్చుని, కెమెరావైపు తిరిగి “అమెరికా” అని పిలుస్తూ చెప్పాడు. వినేది బయటివాళ్ళని దాచలేదు, వాళ్ళని పేరుపెట్టి పిలిచి తన ఇంటి పద్ధతిలో కూర్చోబెట్టాడు. దాన్ని రాజీ అని నేననను.

నల్లజాతి హాళ్ళు కూడా అచ్చులు పోస్తాయి. 1992లో మొదలైన టీవీ స్టాండప్ షో డెఫ్ కామెడీ జామ్ ఎందరినో వెలుగులోకి తెచ్చింది. కానీ ఆ వేగం, ఆ బూతు, ఆ నడక లేనివాడు నల్లవాడే కాదన్న ఒత్తిడినీ పెంచింది. 2012లో వచ్చిన టీవీ స్కెచ్ షో “కీ అండ్ పీల్” జంట ఆ ఒత్తిడినే వస్తువు చేసుకుంది. ఒక స్కెచ్‌లో ఫోన్ మాట్లాడుతున్న నల్లవాడు పక్కన ఇంకో నల్లవాడు రాగానే గొంతు బరువు చేస్తాడు, ఆ రెండోవాడూ అదే పని చేస్తాడు.

ఇదే ప్రశ్న మనవాళ్ళ యాసకీ వర్తిస్తుంది. తెలుగు తల్లిదండ్రులకి న్యూయార్క్‌లో పుట్టిన కమెడియన్ హరి కొండబోలు 2012లో నల్లజాతి కమెడియన్ కమావ్ బెల్ షోలో రచయితగా పనిచేశాడు. “సింప్సన్స్” అనే కార్టూన్ సీరియల్లో అపు అనే భారతీయ దుకాణదారు గొంతుని ఒక తెల్ల నటుడు పలకడాన్ని అక్కడే నిలదీశాడు. 2017లో అదే విషయంమీద డాక్యుమెంటరీ తీసినప్పుడు, మసివేషాల చరిత్ర గురించి నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్‌తో మాట్లాడాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళ యాసమీద స్టాండప్ రాస్తున్నవాళ్ళు ఆ బిట్‌ని యాస పెట్టకుండా మామూలు గొంతుతో ఒకసారి చదివి చూసుకోండి. అప్పుడు నవ్వు రాకపోతే అందులో ఇంకా జోకు రాయలేదన్నమాట.