మోయామోయా ఉన్నవాళ్లు ఎన్నేళ్లు బతుకుతారు? తొమ్మిదేళ్లుగా దాంతో ఉన్న నా జవాబు

తమ్ముడికి 32 ఏళ్లు, రెండు వారాల కిందట మోయామోయా (మెదడుకు రక్తం అందించే నాళాలు పూడిపోయే జబ్బు) అని తేలింది, చదివిన కొద్దీ భయం పెరుగుతోంది, అసలు ఎన్నేళ్లు బతుకుతాడు అని మీరు అడిగారు. నాకు ఈ జబ్బు బయటపడేనాటికి 33. ఇప్పుడు 42. డాక్టర్ని కాదు, తలకు రెండువైపులా సర్జరీ అయిన పేషెంట్‌ని.

నేనూ మొదట ఇదే అడిగాను. సర్జన్ జవాబు చెప్పకుండా, "ముందు ఇప్పటిదాకా మెదడు ఎంత దెబ్బతిందో చూద్దాం" అన్నారు. మాట దాటేస్తున్నారని ఒళ్లు మండింది. కానీ అసలు జవాబు అదేనని తర్వాత తెలిసింది. ఈ జబ్బులో ముందుముందు ఎలా ఉంటుందన్నది ఎక్కువగా రెండింటి మీద ఆధారపడుతుంది: పెద్ద స్ట్రోక్ రాకముందే పట్టుకున్నారా, రక్తానికి వేరే దారి చూపించారా.

మెదడుకు రక్తం అందించే కెరోటిడ్ ధమనులు తల లోపల, వాటి చివర్లో, కొద్దికొద్దిగా పూడిపోతాయి. పెద్ద కాలువ పూడితే నీళ్లు పక్కల నుంచి పిల్లకాలువలు చేసుకున్నట్టు, వెంట్రుకల్లాంటి నాళాలు పుట్టుకొస్తాయి. యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలను చూపే ఎక్స్‌రేలో, అవి పొగమబ్బులా కనిపిస్తాయి, జపనీస్‌లో మోయామోయా అంటే అలాంటిదే. 1969లో జపాన్ డాక్టర్లు సుజుకి, టకాకు ఈ పేరు పెట్టింది అందుకే. ఆ నాళాలు సరిపడా రక్తం ఇవ్వలేకపోతే ఒక రకం స్ట్రోక్, ఒత్తిడికి చిట్లితే రక్తస్రావం. చిట్లడం పిల్లల్లో కంటే పెద్దవాళ్లలో ఎక్కువ.

నాకు మొదటిది. పాప పుట్టినరోజుకి బెలూన్లు ఊదుతున్నాను. నాలుగోదానికి ముడి వేయబోతే కుడిచేతి వేళ్లు మాట వినలేదు. బెలూన్ జారి గదంతా తిరిగి గోడవారన పడింది. పాప పకపకా నవ్వింది. నేనూ నవ్వబోతే మూతి ఒక పక్కకే కదిలింది. పది నిమిషాల్లో అంతా మామూలే. మొదట చూపించుకున్నచోట మైగ్రేన్, టెన్షన్ అన్నారు, నేనూ సరేననుకున్నాను. ఐదు నెలల తర్వాత చిన్న స్ట్రోక్ వచ్చి, స్కాన్లు తీస్తేగానీ సంగతి తేలలేదు. గట్టిగా, గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడులోని నాళాలు ముడుచుకుంటాయట. అసలే చాలీచాలని రక్తం, అది కాస్తా ఇంకా తగ్గిపోతుంది. ఈ జబ్బున్న పిల్లలకు వెక్కివెక్కి ఏడ్చినప్పుడు చెయ్యో కాలో పడిపోయేదీ ఇందుకే. కాబట్టి మీ తమ్ముడికి ఐదు నిమిషాలు మాట తడబడి సర్దుకున్నా సరే, "తగ్గిపోయిందిగా" అని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నేను పోగొట్టుకున్న ఐదు నెలలు మీరు పోగొట్టుకోవద్దు.

పూడికను ఆపే మందు ఇప్పటికీ లేదు. సర్జరీ కూడా దాన్ని ఆపదు, పక్కనుంచి రక్తం తెస్తుంది. నాకు ఎడమవైపు నెత్తిచర్మంలోని ధమనిని నేరుగా మెదడు ధమనికి కలిపారు. కుడివైపు ధమనిని మెదడు మీద పరిచి వదిలేశారు, దాన్నుంచి కొత్త నాళాలు మొలవడానికి నెలలు పట్టింది. ఎడమ చెవి ముందు వేలు పెడితే ఆ నాడి కొట్టుకోవడం ఇప్పటికీ తెలుస్తుంది. అక్కడ నొక్కుకునే కళ్లజోడు పెట్టుకోవద్దన్నారు, అప్పటి నుంచి వదులు ఫ్రేమే.

రక్తస్రావం అయినవాళ్ల మీద జపాన్‌లో ఒక అధ్యయనం జరిగింది, 2014లో ప్రచురించారు. ఐదేళ్లలో మళ్లీ రక్తస్రావమైంది నేరుగా బైపాస్ (నాకు ఎడమవైపు చేసినట్టు ధమనిని ధమనికి కలపడం) చేయించుకున్నవాళ్లలో 11.9 శాతానికి, చేయించుకోనివాళ్లలో 31.6 శాతానికి. మొత్తం 80 మందే, లెక్క చిన్నది. అయినా సర్జరీకి ఒప్పుకోవాలా అని అప్పట్లో మా ఆయన తల పట్టుకుని కూర్చుంటే నేను చెప్పింది ఇదే అంకె.

ఇక రోజువారీ బతుకు. దీని గురించి ముందుగా నాకెవరూ చెప్పలేదు. చెయ్యి బాగానే వచ్చింది, చిన్న గుండీలు పెట్టుకోవడం మాత్రం ఇప్పటికీ కష్టమే. అంతకంటే ఇబ్బంది పెట్టేది అలసట. మధ్యాహ్నానికి బుర్ర మొద్దుబారిపోతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరిదీ బుర్రకెక్కదు. పొయ్యి మీద గిన్నె పెట్టి ఫోన్ ఎత్తితే గిన్నె మాడినట్టే. చూసేవాళ్లు "బాగానే ఉన్నావుగా" అంటారు. మొదట్లో ఏడ్చేదాన్ని, ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. తలనొప్పులు సర్జరీ తర్వాత తగ్గాయి, పోలేదు. ఉద్యోగం మానలేదు, గంటలు తగ్గించుకున్నాను. నీళ్ల సీసా లేకుండా గడప దాటను, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే మెదడుకు రక్తమూ తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంటి వైద్యం చేసుకోకుండా ఆసుపత్రికి వెళతాను. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఈ జబ్బు పేరు చెబుతాను. రక్తం పలచబడే మాత్రల విషయంలో మాత్రం నా చీటీ చూసి మీరు వాడొద్దు. నాకు ఆస్పిరిన్ ఇచ్చారని రక్తస్రావమైన మనిషికి ఇవ్వరు.

అక్కగా మీకు ఇంకో దిగులు ఉండే ఉంటుంది, అడగలేదు. ఈ జబ్బుతో ముడిపడిన ఆర్‌ఎన్‌ఎఫ్213 అనే జన్యువును 2011లో గుర్తించారు. కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి వస్తుంది. కానీ ఆ జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బే రాదు. మా చెల్లెలు ఒకసారి ఎమ్మారై తీయించుకుంది, ఏమీ లేదు. మీరూ డాక్టర్‌ని అడగండి.

మీ తమ్ముడికి మొదట వచ్చింది రక్తస్రావమా, రక్తం అందకపోవడమా? ఒకవైపా, రెండువైపులా? ఒకవైపే అన్నా చెకప్‌లు మానకూడదు, కొందరిలో రెండోవైపు తర్వాత మొదలవుతుంది. రిపోర్టులో ఏం రాశారో ఇక్కడ పెడితే, డాక్టర్‌ని ఏమేం అడగాలో నాకు తెలిసినంతవరకు రాస్తాను.