ముందు మనసా, ముందు మద్యమా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మా తమ్ముడికి 34 ఏళ్లు. ఏడెనిమిదేళ్లుగా తాగుతున్నాడు. రెండేళ్లుగా పొద్దున్నే కాస్త గొంతులో పడితే తప్ప చేతుల వణుకు తగ్గడం లేదు. ఎవరితోనూ మాట్లాడడు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి కూర్చుంటాడు, తాను ఎందుకూ పనికిరానివాడినని అంటాడు. ఒక మానసిక వైద్యుడికి చూపిస్తే ‘ముందు తాగుడు మాన్పించి తీసుకురండి, అప్పుడు చూద్దాం’ అన్నారు. డీ-అడిక్షన్ సెంటర్‌కు తీసుకెళ్తే ‘ఇతనికి డిప్రెషన్ ఉంది, ముందు దానికి వైద్యం చేయించండి’ అని తిప్పి పంపారు. అసలు ఎవరి దగ్గరకు వెళ్లాలి? సరైన వైద్యుడని ఎలా తెలుసుకోవాలి? — ఒక అక్క

జవాబు: పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతను నా వృత్తిలో ఉన్నవాళ్లు నోటికి తెచ్చుకోకూడదు గానీ, మీ ఉత్తరం చదవగానే నాకు గుర్తొచ్చింది అదేనమ్మా. మీకు ఎదురైన ఇద్దరూ తమ పని సగమే చేశారు. వ్యసనమూ కుంగుబాటూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు. దీనికి డ్యూయల్ డయాగ్నసిస్ అని పేరు కూడా ఉంది. రెండింటినీ ఒకే వైద్య బృందం, ఒకే కాలంలో చూడాలన్నది మా రంగంలో చాలాకాలంగా స్థిరపడిన మాట. కనుక మీరు వెతకవలసింది ‘పేరున్న’ డాక్టరును కాదు, ఈ రెండింటినీ కలిపి చూసే డాక్టరును.

ఆ వెతుకులాట కంటే ముందు ఒక హెచ్చరిక. పొద్దున్నే తాగితే గానీ చేతుల వణుకు ఆగడం లేదంటే, మద్యం లేకుండా ఉండలేని స్థితికి ఆయన శరీరం చేరుకుందని అర్థం. ఇలాంటివారిని కోపంతోనో, ఒట్టు వేయించుకునో ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు రోజులు దాటాక కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, తామెక్కడున్నారో కూడా తెలియని డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. వైద్యం అందకపోతే అది ప్రాణం తీస్తుంది. వైద్యుడి పర్యవేక్షణలో క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్, కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజెపామ్ వంటి మందులతోనూ, థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజక్షన్లతోనూ కొద్ది రోజుల్లో ఈ దశను క్షేమంగా దాటించవచ్చు. ఆ విటమిన్ లోపిస్తే మెదడుకు ఏం జరుగుతుందో కార్ల్ వెర్నికే అనే వైద్యుడు 1881లోనే వర్ణించాడు. అయినా ఆ ఇంజక్షన్ ఊసే లేకుండా మద్యం మాన్పిస్తామనే చోట్లు ఈనాటికీ ఉన్నాయి. ‘ముందు తాగుడు మాన్పించి తీసుకురండి’ అన్న వైద్యుడి సలహా అందుకే నాకు మింగుడు పడలేదు. మాన్పించడమే వైద్యంలో మొదటి మెట్టు, అది మీ చేత చేయించవలసిన పని కాదు.

అలాగని ఆయన మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు. మద్యమే స్వయంగా మనసును కుంగదీస్తుంది, నిద్రను చెడగొడుతుంది. మానేసిన మూడు నాలుగు వారాలకు చాలామందిలో ఆ దిగులు దానంతటదే పలచబడుతుంది. నెల దాటినా తగ్గకపోయినా, తాగుడు అలవాటు కాకముందే ఆ లక్షణాలు ఉన్నా, అది విడిగా ఉన్న డిప్రెషన్ అని అనుమానించాలి. అయితే ఆ నెల రోజులూ రోగి వైద్యుడి కనుసన్నల్లో గడపాలే గానీ గుమ్మం బయట కాదు. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే నెల ఆగకుండానే మందు మొదలుపెట్టవలసి రావచ్చు, ఎందుకంటే ఆ మందులు పూర్తిగా పనిచేయడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎందుకూ పనికిరానివాడినని మీ తమ్ముడు అంటున్నాడు కదా, చనిపోవాలనిపిస్తోందా అని మీరే నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

ఇక వెతకడం. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటే మొదట అక్కడికే వెళ్లమంటాను. ఫిట్స్ వచ్చినా, కాలేయం మొరాయించినా పక్క వార్డులోనే చూసేవారుంటారు. అది అందుబాటులో లేకపోతే, మీ కుటుంబాన్ని ఎప్పటినుంచో చూస్తున్న డాక్టరును అడగండి. ఏ మానసిక వైద్యుడు తాగుడు రోగులను విసుక్కోకుండా చూస్తాడో సాటి వైద్యులకు తెలిసినంతగా ప్రకటనలకు తెలియదు. ఎంచుకున్నవారి అర్హతను వైద్య మండలి నమోదులో సరిచూసుకోండి. ఆ తరువాత వెళ్లేముందు ఫోన్ చేసి, తాగుడూ కుంగుబాటూ రెండూ ఉన్నవారిని మీరే చూస్తారా, మాన్పించే రోజుల్లో అవసరమైతే చేర్చుకునే వీలుందా, రాత్రివేళ ఫిట్స్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, మళ్లీ తాగితే వైద్యం ఆపేస్తారా అని అడగండి. చివరి ప్రశ్నకు ఇచ్చే జవాబే నా దృష్టిలో అసలైన గీటురాయి. వ్యసనం తిరగబెట్టే గుణమున్న జబ్బు. మళ్లీ తాగినందుకు రోగిని వెళ్లగొట్టడం, చక్కెర పెరిగిందని మధుమేహ రోగిని వెళ్లగొట్టడంతో సమానం.

మంచి వైద్యుడి గదిలో మొదటి రోజు ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమని, ఆయనతో ఒంటరిగా మాట్లాడతారు. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడుగుతారు. చేతులు ముందుకు చాపించి వేళ్ల వణుకు గమనిస్తారు, కంటి రెప్ప కిందికి లాగి పచ్చదనం చూస్తారు, పడుకోబెట్టి కాలేయం దగ్గర నొక్కి చూస్తారు, రక్తపరీక్షలు రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం నింపించవచ్చు. దానిలో 40కి 8 గానీ అంతకు మించి గానీ మార్కులు వస్తే తాగుడు హద్దు మీరుతోందని లెక్క. అన్నట్టు మన భాషలో ఒక చిక్కుంది. ‘మందు మానేశానండీ’ అని రోగి గర్వంగా చెబితే, మానేసింది సీసాలోదా, నేను రాసిన మాత్రలా అని తిరిగి అడగకపోతే వైద్యమే తలకిందులవుతుంది. ఆ ప్రశ్న వేసే డాక్టరు దొరికితే వదులుకోకండి.

శరీరం కుదుటపడ్డాక మళ్లీ తాగాలన్న కోరికను తగ్గించే మందులున్నాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మొదటిది ఇచ్చేముందు కాలేయాన్నీ, రెండోదానికి మూత్రపిండాలనూ పరీక్షించాలి. 1948లో డెన్మార్క్ పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన డైసల్ఫిరామ్ అనే మూడో మందు వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతోనే మనిషి తాగకుండా ఉంటాడు. ఇది రోగికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవలసిన మందు. ‘ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి’ అని ఎవరైనా పొడి చేతికిస్తే పుచ్చుకోకండి. తెలియక తాగిన మనిషి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏ మందు ఇచ్చినా, దానితోపాటు వారానికోసారైనా కౌన్సెలింగ్ ఉంటుందా అని అడగండి.

డాక్టరు పేరు చెప్పని చోటు, గదికి బయటినుంచి గొళ్లెం పెట్టే చోటు, కుటుంబసభ్యులను నెలల తరబడి కలవనివ్వని చోటు, ఒక్క ఇంజక్షన్‌తో శాశ్వతంగా మాన్పిస్తామనే చోటు, వీటి గడప తొక్కకండి. ఇంకొక్క మాట మీ కోసం. తాగేవారి కుటుంబసభ్యుల కోసం ఆల్-అనాన్ అనే బృందాలు 1951 నుంచి నడుస్తున్నాయి. మీ తమ్ముడు వైద్యానికి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీరు వెళ్లవచ్చు. మీ ఉత్తరంలో తమ్ముడి నిద్ర గురించి ఉంది గానీ మీ నిద్ర గురించి ఒక్క ముక్కా లేదు.

ప్రశ్న: నాకు మద్యం అలవాటు లేదు. నిద్ర కోసం మూడేళ్లుగా రోజూ ఆల్‌ప్రజోలామ్ మాత్ర వేసుకుంటున్నాను. ఒకప్పుడు ఒకటి చాలేది, ఇప్పుడు రెండు కావాలి. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే ఆ సంగతి ఉద్యోగంలో తెలిసిపోతుందని జంకుగా ఉంది. మందుల దుకాణంలో అడిగి నేనే తగ్గించుకోవచ్చా? — పేరు వద్దు

జవాబు: డాక్టరు రాసిన మాత్ర కాబట్టి వ్యసనం కాదనుకోవడం చాలామంది చేసే పొరపాటే. ఒకటి రెండుగా మారిందంటే శరీరం దానికి అలవాటు పడింది. దీన్ని హఠాత్తుగా ఆపితే మద్యం ఆపినప్పటిలాగే ఫిట్స్ రావచ్చు, కనుక ఈ రాత్రి నుంచే మానేస్తానన్న పట్టుదల మాత్రం వద్దు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి అయిదు నుంచి పది శాతం చొప్పున మోతాదు తగ్గిస్తూ వస్తారు. అవసరమైతే ఎక్కువసేపు పనిచేసే డయాజెపామ్‌కు మార్చి అక్కడినుంచి దించుతారు. నెలలు పడుతుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి మీ చేతికిచ్చి, రెండు వారాలకొకసారి రమ్మనే వైద్యుణ్ణి చూసుకోండి. అదే మాత్రను మళ్లీ ఆరు నెలలకు రాసి పంపేసేవారు మీకు పనికిరారు, ‘ఎల్లుండి నుంచి ఆపేయండి’ అనేవారూ పనికిరారు. మూడేళ్ల కిందట నిద్ర ఎందుకు చెడిందో కూడా అడిగి తెలుసుకోవాలి. ఆందోళన ఒకటి అడుగున దాగి ఉంటే, దాన్ని పట్టించుకోకుండా మాత్ర తగ్గించడం కష్టం. నిద్రలేమికి మాత్రలు లేని కౌన్సెలింగ్ పద్ధతులు కూడా బాగా పనిచేస్తాయి.

గోప్యత విషయంలో మీ జంకు సహజం. రోగి చెప్పినదాన్ని బయటపెట్టకపోవడం వైద్యుడి వృత్తిధర్మం. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడో, చట్టం కోరినప్పుడో తప్ప ఎవరికీ చెప్పరాదు. అయినా నమ్మకం ఊహమీద నిలబడనక్కర్లేదు. నా కేసు షీటులో ఏం రాస్తారు, ఎవరెవరు చూస్తారు, సెలవు పత్రంలో జబ్బు పేరు రాయకుండా ఇవ్వగలరా అని మొదటి రోజే అడగండి. ఈ ప్రశ్నకు ముఖం చిట్లించుకునే వైద్యుడు మీకు తగినవాడు కాడు.

ప్రశ్న: సైకాలజిస్ట్‌కూ సైకియాట్రిస్ట్‌కూ తేడా ఏమిటి? వీడియోలో చూపించుకుంటే సరిపోతుందా? — ఒక విద్యార్థిని

జవాబు: సైకియాట్రిస్ట్ వైద్యశాస్త్రం చదివి, మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు; మందులు రాస్తారు, అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. సైకాలజిస్ట్ మనస్తత్వశాస్త్రం చదివినవారు. పరీక్షలు చేసి, మాటల ద్వారా చికిత్స చేస్తారు, చాలాచోట్ల వారికి మందులు రాసే అధికారం లేదు. వ్యసనానికి సాధారణంగా ఇద్దరి అవసరమూ ఉంటుంది. మొదటిసారి ఎదురుగా కూర్చుని పరీక్ష చేయించుకున్నాక, తరువాతి విడతలు వీడియోలో నడిపించుకోవచ్చు. మద్యమో నిద్రమాత్రలో మానే రోజుల్లో మాత్రం అది చాలదు: చేతి వణుకును తెర చూపించగలదు గానీ, రక్తపోటును కొలవలేదు, ఇంజక్షన్ ఇవ్వలేదు.