గదిలో అన్నయ్యవి, ఇంట్లో మీవి

ఉత్తరం: నాకు 31 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్ అని గర్జిస్తూ, అరుస్తూ పాడే గట్టి రాక్ సంగీతం ఉంటుంది, అదంటే నాకు ప్రాణం. పద్నాలుగేళ్ల వయసులో మా అన్నయ్య తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇదే లోకం. ఈ సంగీతం ఇష్టమున్న ఏడెనిమిది మందిమి ఆదివారం సాయంత్రాలు ఒక స్నేహితుడి గదిలో కలుస్తాం. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక ఆల్బమ్ తెచ్చి వినిపించాలి. తర్వాత దాని మీద అందరం వాదించుకుంటాం. ఈ బృందాన్ని మొదలుపెట్టింది కూడా అన్నయ్యే.

మావారు మంచివారే కానీ ఈ పాటలు ఆయనకు పట్టవు. 'నువ్వు విను, నన్ను వదిలెయ్' అంటారు. పక్కన కూర్చోబెట్టుకుని వినిపిస్తే పది నిమిషాల్లో ఫోన్ తీస్తారు. ఈ మధ్య మా అత్తగారింట్లో అందరూ ఉండగా అన్నయ్య సరదాకి గొంతు బొంగురు చేసి గ్రోల్‌ని, అంటే ఈ పాటల్లోని గర్జనని, అనుకరించాడు. 'మా చెల్లి ఇంకా ఈ అరుపులే వింటోంది, చర్చిలు తగలబెట్టే బ్యాచ్ వీళ్లంతా' అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మావారు 'నువ్వెందుకు నవ్వావు?' అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఈ పాటల వల్లే నాకు కోపం ఎక్కువవుతోందేమో అని మా అత్తగారి అనుమానం. భార్య ప్రాణంగా చూసుకునేదాన్ని భర్త పట్టించుకోకపోతే ఇక ఆ కాపురంలో ఏం మిగులుతుంది? ఆయనకు ఈ సంగీతం నచ్చేలా చేయడం ఎలా? మీకు అర్థం కావాలని నాకిష్టమైన పది ఆల్బమ్‌ల పేర్లు కూడా రాస్తున్నాను.

జవాబు: ముందు మీరు అడిగినదానికి చెప్పేస్తాను. నచ్చేలా చేయలేరు, చేయనక్కర్లేదు కూడా. ఆయన మిమ్మల్ని వినొద్దనలేదు, ఆదివారం వెళ్లొద్దనలేదు, సౌండ్ తగ్గించమని అన్నట్టు కూడా ఎక్కడా రాయలేదు మీరు. భార్యాభర్తలిద్దరూ ఒకే పాటకు తల ఊపాలన్న రూలేమీ లేదు. పాపం, ఆ పది నిమిషాలైనా కూర్చుంటున్నారు. పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టడం మానేయండి. మీ కాపురానికి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

ఇబ్బంది మీ అన్నయ్యతో ఉంది. మీ ఉత్తరం ఆరు పేజీలు, పైన వేసింది కొంతే. అందులో భర్త గురించి ఒక పేజీ కూడా లేదు, మిగతా అంతా అన్నయ్యే. నాన్నగారు పోయాక ఇల్లు ఆయనే మోశారని, మీ ఫీజులు ఆయనే కట్టారని, గిటార్ అమ్మేసి ఉద్యోగంలో చేరారని రాశారు. వీటి మధ్యలో ఒక ఆదివారం సంగతి ఏదో చిన్న విషయంలా నాలుగు లైన్లలో రాసి వదిలేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

ఆ రోజు మీ వంతు. మీరు తీసుకెళ్లింది బెల్ విచ్ అనే బ్యాండ్ వాళ్ల 'మిర్రర్ రీపర్'. 2017లో వచ్చిన ఈ ఫ్యూనరల్ డూమ్ (చాలా నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్) ఆల్బమ్ మొత్తం ఒకటే పాట, 83 నిమిషాలు. గిటార్ లేదు, బేస్, డ్రమ్స్, మధ్యలో ఆర్గన్. వాళ్ల పాత డ్రమ్మర్ 2016లో చనిపోయాడు. అంతకుముందు రికార్డు చేసి వాడకుండా ఉంచిన అతని గొంతునే పాట మధ్యలో వినిపించారు. పోయిన మనిషితో కలిసి పాడిన పాట అది. మీరు స్పీకర్‌లో పెట్టిన కాసేపటికే అన్నయ్య లేచి వెళ్లి ఆపేశారు. 'ఇది మెటల్ కాదు, జోలపాట' అన్నారు. అందరూ నవ్వారు. ఆయన తన ఫోన్ కలిపి మోర్బిడ్ ఏంజెల్ అనే డెత్ మెటల్ బ్యాండ్ పాటలు పెట్టేశారు. ఆ తర్వాత నుంచి మీ వంతు వచ్చినప్పుడల్లా అన్నయ్యకు నచ్చేవే తీసుకెళ్తున్నారట. పక్కనే బ్రాకెట్లో చిన్న అక్షరాలతో రాశారు, 'నాన్న పోయిన ఏడాది అది వింటూనే పడుకునేదాన్ని' అని.

ఇంత విషయాన్ని బ్రాకెట్లో పెట్టారేమిటమ్మా?

మీ పది ఆల్బమ్‌ల లిస్టు కూడా చూశాను. మోర్బిడ్ ఏంజెల్ 1989, ఎంటూంబ్డ్ 1990, డార్క్‌త్రోన్ 1992, మేహెమ్ 1994, డెత్ అనే బ్యాండ్ వాళ్ల 'సింబాలిక్' 1995. అన్నీ గట్టివే, కాదనను. కానీ ఆ పదిలో 1995 దాటినది ఒక్కటీ లేదు. అప్పటికి మీకు మాటలు కూడా సరిగా వచ్చి ఉండవు. ఆ మాటకొస్తే మీ అన్నయ్యా చిన్నపిల్లాడే, ఆయనకూ ఎవరో ఇచ్చి ఉంటారు. ఆయన తెచ్చిన లిస్టే మీరు నాకు పంపారు. రాత్రిళ్లు మీకు తోడున్న ఆల్బమ్ అందులో లేదు.

ఇక అత్తగారింట్లో జరిగింది. చర్చిలు తగలబెట్టే బ్యాచ్ అన్నారు కదా. నార్వే బ్లాక్ మెటల్ వాళ్ల మధ్య జరిగినవి అబద్ధం కాదు. 1992లో బెర్గెన్‌లో ఫాంటాఫ్ట్ చర్చి తగలబడింది. 1993 ఆగస్టులో మేహెమ్ గిటారిస్ట్ యూరోనిమస్‌ను చంపేశారు. చంపినవాడే ఆ బ్యాండ్ 1994 ఆల్బమ్‌లో బేస్ వాయించాడు. హతుడూ హంతకుడూ ఒకే రికార్డులో వినిపిస్తారు. అలాంటిది వినాలా వద్దా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు, వాదించుకోవాలి కూడా. సరే, ఆ ఆల్బమ్ మీ చేతికి ఇచ్చిందెవరు? మీ అన్నయ్యే, మీరే రాశారు. ఆదివారం గదిలో ఆయన అసలైన మెటల్‌కి కాపలాదారు, ఏది మెటలో ఏది కాదో ఆయనే తేల్చాలి. పెద్దల ముందుకు వచ్చేసరికి అదంతా చెల్లెలి పిచ్చి. అంటే ఆ పాటలు గదిలో ఆయనవి, ఇంట్లో మీవి. గౌరవం వచ్చేచోట ఆయన పేరు, పరువు పోయేచోట మీ పేరు. ఆయన కావాలని చేస్తున్నారని నేననను. కానీ జరుగుతున్నది అదే. మీరు కూడా నవ్వి దానికి ఒప్పేసుకున్నారు.

మీ ఆయన అడిగింది సరిగ్గా దాని గురించే. ఆ రోజు అత్తగారింట్లో మీ ముఖం చూసిన మనిషి ఆయనొక్కరే. అందుకే మీకు ఒళ్లు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అన్నయ్యతో మాట్లాడాల్సిన మాటలు మానేసి ఆయనతో మాటలు మానేశారు. ఆయనకు ఈ పాటలు ఎలాగైనా నచ్చాలన్న మీ పట్టుదల కూడా అక్కడి నుంచే వస్తోంది. అన్నయ్య ఒకప్పుడు మీ పక్కన కూర్చుని విన్నారు, ఇప్పుడు వినడం లేదు. ఆ ఖాళీలో భర్తను కూర్చోబెట్టాలని చూస్తున్నారు. అది ఆయన పని కాదు.

మీ అత్తగారికి ఒక్క ముక్క చెప్పొచ్చు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఇలాంటి సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, తర్వాత కొందరికి వాళ్ల పాటలే వినిపించారు, మిగతావాళ్లను నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవాళ్లకు కోపం పెరగలేదు, చిరాకు, ఒత్తిడి తగ్గాయి. 39 మంది అంటే చిన్న సంఖ్యే, పైగా అందరూ అభిమానులే. అయినా మీ కోపానికి కారణం పాటలు కాదని చెప్పడానికి నాకు ఆ ప్రయోగం కూడా అక్కర్లేదు, మీ ఉత్తరం చాలు.

ఇప్పుడు ఆ 'ఇది మెటల్ కాదు' అన్న తీర్పు గురించి. మీ అన్నయ్యకు డెత్ బ్యాండ్ అంటే దేవుడితో సమానమన్నారు కదా. ఆ బ్యాండ్‌ను నడిపిన చక్ షుల్డినర్ 1987లో మొదటి ఆల్బమ్‌లో నెత్తురు, శవాలు తప్ప ఇంకేమీ పాడలేదు. 1991 నాటికి ఆ మాటలు వదిలేశాడు, దాదాపు ప్రతి ఆల్బమ్‌కూ మనుషుల్ని మార్చాడు, వాయించే తీరు మార్చాడు. 1999లో కంట్రోల్ డినైడ్ అని ఇంకో బ్యాండ్‌తో ఆల్బమ్ తెచ్చాడు. అందులో గ్రోల్సే లేవు, గొంతెత్తి మామూలుగా పాడే గాయకుణ్ని పెట్టుకున్నాడు. 2001లో 34 ఏళ్లకే పోయాడు. మీ అన్నయ్య లెక్కన చూస్తే ఆ చివరి ఆల్బమ్‌ను ఆ ఆదివారం గదిలో పెట్టనే కూడదు.

అసలు ఆ బ్యాండ్ పేరు బయటికి వచ్చింది ఎలా? 1984లో వాళ్లింకా మాంటాస్ అన్న పేరుతో ఉన్నప్పుడు చేసిన డెమో క్యాసెట్‌ను అభిమానులే కాపీ చేసి, కవర్లో పెట్టి, ముఖం కూడా చూడని వాళ్లకు పోస్టులో పంపుకున్నారు. అవతలివాళ్లు విని, తమ దగ్గరున్నది కాపీ చేసి తిరిగి పంపేవాళ్లు. ఇదిగో నాకిది దొరికింది, నువ్వూ విను అనడం తప్ప అందులో ఇంకేమీ లేదు. మీకు పద్నాలుగేళ్లప్పుడు మీ అన్నయ్య చేసింది అదే. చాలా మంచి పని చేశారు. ఆ ఆదివారం మీరు చేసింది కూడా అదే. ఆయన మాత్రం లేచి ఆపేశారు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను, కొందరికి నచ్చకపోవచ్చు. తండ్రి తర్వాత తండ్రిలా నిలబడిన అన్నయ్యకు చెల్లెలు రుణపడి ఉంటుంది. ఉండాలి కూడా. ఆయన కట్టిన ఫీజులు మర్చిపోయి ఎదురు తిరగమని చెప్పే మనిషిని కాను నేను. అమ్మ మందుల విషయంలో ఆయన చెప్పినట్టు వినండి, ఇంటి విషయాల్లో ఆయన మాటకు విలువివ్వండి, అవసరం పడితే మీ జీతం పంచండి. కానీ మీకు ఏది నచ్చాలో, దేనికి కన్నీళ్లు రావాలో ఆయన చెప్పడానికి లేదు. ఆ పెద్దరికం ఆయన అడిగి కూడా ఉండరు. మీరే చేతిలో పెట్టేశారు.

గిటార్ అమ్మేసిన మనిషికి ఈ పాటల మీద ఎంత ప్రేముందో అంత ఉక్రోషం కూడా ఉండొచ్చు. నాన్నగారి సంగతి మీరిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదని రాశారు. ఆ రోజు అంత నెమ్మదైన పాట ఆయన ఎందుకు వినలేకపోయారో నాకు తెలియదు. మీరు కూడా ఏదో ఊహించుకుని, పాపం అన్నయ్య అనుకుని లోపలే క్షమించేయకండి. అలా క్షమించీ క్షమించీ ఇక్కడిదాకా తెచ్చుకున్నారు.

ఈసారి మీ వంతు వచ్చినప్పుడు 'మిర్రర్ రీపర్' మళ్లీ తీసుకెళ్లండి. మొదలుపెట్టే ముందే చెప్పండి, ఇది 83 నిమిషాలు, నేను మొత్తం పెడతాను, ఓపిక లేనివాళ్లు బయట తిరిగి రండి అని. నాన్న ప్రస్తావన అక్కడ తేవద్దు, నలుగురి జాలి సంపాదించి పాట వినిపించనక్కర్లేదు. అన్నయ్య స్పీకర్ దగ్గరికి వెళ్తే 'అన్నయ్యా, ఇది నా వంతు' అనండి చాలు. వాదన పెట్టుకోవద్దు, మెటల్ చరిత్ర చెప్పొద్దు. విన్నాక బాగాలేదంటే అననివ్వండి. పూర్తిగా విని తిట్టేవాడితో వాదించడంలో ఒక సరదా ఉంది, మీ ఆదివారాలు ఉన్నదే అందుకు.

ఇంకోసారి పెద్దల ముందు ఆయన గ్రోల్ చేసి వెక్కిరిస్తే నవ్వకండి. కోపంగా కాకుండా, మామూలు గొంతుతోనే 'నాకు నేర్పింది నువ్వే కదన్నయ్యా' అనండి. ఎదురు చెప్పావంటారేమో అని భయపడకండి, ఉన్న మాటే కదా.

మీ ఆయనకు క్షమాపణ చెప్పండి. వంట చేసి, సినిమాకి తీసుకెళ్లి చుట్టూ తిప్పకుండా, ఆ రోజు నువ్వు అడిగింది నిజమే, అన్నయ్య మీది కోపం నీ మీద తీర్చుకున్నాను అని సూటిగా చెప్పండి. నాన్న పోయిన ఏడాది రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏం విన్నారో, ఎందుకు విన్నారో ఆయనకు చెప్పండి. పాట వినిపించనక్కర్లేదు. అప్పటికి మీ పెళ్లి కాలేదు, ఆయనకు ఆ ఏడాది సంగతులేవీ తెలియవు.

అన్నయ్య అలిగి కొన్ని ఆదివారాలు రాకపోతే బతిమాలడానికి వెళ్లకండి. ఎప్పటిలాగే ఫోన్ చేయండి, అమ్మ మందుల గురించి, ఇంటి పనుల గురించి మాట్లాడండి. పాటల సంగతి ఆయన ఎత్తితే మాట్లాడండి, ఎత్తకపోతే వదిలేయండి. అమ్మ చేత రాయబారాలు పంపవద్దు. వదినను అసలే మధ్యలోకి లాగొద్దు, ఆవిడకు ఈ గొడవ ఏమీ తెలియదని మీరే రాశారు.